నెట్ ఎక్కడ తెగింది? ఇంటి వైఫై అంతరాయాలు

ఫోన్‌లో బొమ్మ ఆగిపోయి చక్రం తిరగడం మొదలైతే ఇంట్లో అందరూ అనే మాట ఒకటే: ‘వైఫై పోయింది’. ఆ మాట వెనుక కనీసం నాలుగు రకాల లోపాలు ఉండవచ్చు. ఫోనుకూ రూటర్‌కూ మధ్య గాలిలో నడిచే రేడియో లంకె తెగి ఉండవచ్చు. రూటర్ తానే ఆగి మళ్లీ లేచి ఉండవచ్చు. ఇంటి గోడ నుంచి వీధి స్తంభం దాకా వెళ్లే ఫైబర్ నలిగి ఉండవచ్చు. లేదా ఇంట్లో అన్నీ బాగానే ఉండి, నెట్ సంస్థ కార్యాలయంలోనో అంతకు పైనో ఏదో యంత్రం మొరాయించి ఉండవచ్చు. వీటిలో అసలైన వైఫై లోపం మొదటిది ఒక్కటే. అయినా నింద అంతా వైఫై మీదే పడుతుంది, కంటికి కనిపించే గుర్తు దానిదే కాబట్టి. ఎందుకు తెగిందో తేలాలంటే ముందు ఎక్కడ తెగిందో తేలాలి. ఆ వరస తప్పినందువల్లే కొత్త రూటర్ కొన్నాక కూడా పాత బాధే మిగిలిపోయే ఇళ్లు బోలెడు.

తెగిన చోటు పట్టుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. నెట్ ఆగిన క్షణంలో ఫోన్ పైభాగాన వైఫై గుర్తు ఉందా, మాయమైందా అన్నది మొదటి ఆధారం. గుర్తు పూర్తిగా పోయి కాసేపటికి మళ్లీ వస్తుంటే రేడియో లంకె తెగుతోంది, లేదా రూటర్ రీస్టార్ట్ అవుతోంది. గుర్తు నిండుగా ఉండి, పక్కన ఆశ్చర్యార్థకంతో ‘కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు’ అని వస్తే ఫోనుకూ రూటర్‌కూ పేచీ లేదు. తెగింది రూటర్‌కు అవతల. రెండో ఆధారం ఇంట్లోని మిగతా పరికరాలు. ఒక్క ల్యాప్‌టాప్‌కే నెట్ పోయి, హాల్లో టీవీలో సినిమా నడుస్తూనే ఉంటే రూటర్‌ను తిట్టి లాభం లేదు.

ఇంకొంచెం ఓపిక ఉన్నవాళ్లు పింగ్ వాడతారు. అమెరికా సైన్యపు పరిశోధనశాలలో పనిచేసిన మైక్ మూస్ 1983 డిసెంబరులో రాసిన ఈ చిన్న ప్రోగ్రాం ఇప్పటికీ ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంది. ఒక చిరునామాకు చిన్న పొట్లం పంపి, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చెబుతుంది, అంతే. రెండు కమాండ్ విండోలు తెరిచి, ఒకదానిలో రూటర్ చిరునామాకు (చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1), రెండోదానిలో 8.8.8.8 వంటి బయటి చిరునామాకు ఆగకుండా పింగ్ నడపాలి. రెండూ ఒకేసారి ఆగితే లోపం ఇంట్లోనే, గాలిలోనో రూటర్‌లోనో ఉంది. రూటర్ జవాబిస్తుండగా బయటి చిరునామా ఒక్కటే పలకకపోతే లోపం బయటి లైన్‌లో ఉంది. రెండూ పలుకుతున్నా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే, సైట్ల పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ పనిచేయడం లేదు; అప్పుడు రూటర్ సెట్టింగ్స్‌లో 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ డీఎన్‌ఎస్‌గా పెడితే చాలాసార్లు సరిపోతుంది. జవాబు వచ్చే వేగం కూడా గమనించాలి. పక్క గదిలోని రూటర్ మామూలుగా కొద్ది మిల్లీసెకన్లలోనే పలుకుతుంది. ఆ అంకె ఉండుండి వందల్లోకి ఎగబాకుతుంటే లంకె తెగకముందే గాలిలో రద్దీ పెరిగిందని తెలిసిపోతుంది.

మూడో ఆధారం వేళ. చాలామంది దీన్ని పట్టించుకోరు గానీ, ఆగిన ప్రతిసారీ తేదీ, గంట, నిమిషం ఒక కాగితం మీద రాసుకుంటే సగం లోపాలు వాటంతట అవే బయటపడతాయి. రోజూ రాత్రి 8 నుంచి 11 మధ్యే ఇబ్బంది వస్తుంటే, అపార్ట్‌మెంటంతా తెరల ముందు కూర్చునే వేళ అది. రద్దీ గాలిలోనైనా ఉండాలి, కేబుల్ ఆపరేటర్ లైన్‌లోనైనా ఉండాలి. మధ్యాహ్నం ఎండ ముదిరాక వస్తుంటే రూటర్ వేడిని అనుమానించాలి. సరిగ్గా ఒకే వ్యవధిలో, గంటకోసారో రోజుకోసారో తెగుతుంటే, పరికరానికి ఇచ్చిన ఐపీ చిరునామా గడువో, నెట్ సంస్థ లాగిన్ గడువో ముగిసినప్పుడు మళ్లీ కలవడంలో తేడా వస్తోంది. విండోస్ 10, 11లలో వైర్‌లెస్ నివేదిక తయారుచేసే ఏర్పాటు కూడా ఉంది. గత మూడు రోజుల్లో కంప్యూటర్ ఎప్పుడెప్పుడు కలిసింది, ఎప్పుడు విడిపోయింది, కారణమేమిటి అన్నది వరసగా చూపిస్తుంది.

వేళను బట్టి దొంగను పట్టిన ఉదంతాల్లో వేల్స్‌లోని అబర్‌హోసన్ గ్రామానిది అందరికీ తెలిసినది. అక్కడ 18 నెలల పాటు ప్రతి ఉదయం 7 గంటలకు ఊరంతటికీ బ్రాడ్‌బ్యాండ్ కుంటుపడేది. కేబుళ్లు మార్చినా ఫలితం లేకపోయింది. చివరికి అక్కడి లైన్లు చూసే ఓపెన్‌రీచ్ సంస్థ ఇంజినీర్లు తెల్లవారుజామునే స్పెక్ట్రమ్ ఎనలైజర్ పట్టుకుని వీధులు తిరిగారు. సరిగ్గా 7 గంటలకు ఒక ఇంటి నుంచి బలమైన విద్యుత్ గోల వినిపించింది. అక్కడ ఒక పాత టీవీ ఉంది. ఇంటివాళ్లు రోజూ ఆ సమయానికి దాన్ని పెట్టేవారు. టీవీ వెదజల్లే విద్యుత్ తరంగాలు ఊరి ఫోన్ తీగల మీద పడి బ్రాడ్‌బ్యాండ్‌ను చెడగొట్టేవి. 2020లో ఈ సంగతి బయటికొచ్చాక ఆ టీవీ మళ్లీ పెట్టలేదు. ఆ ఊరి కనెక్షన్లు రాగి తీగల మీద నడిచేవి. ఫైబర్‌కు ఈ బెడద లేదు. కానీ ఇంటి లోపలి రేడియో లంకెకు ఇలాంటి బెడదలు నిండా ఉన్నాయి.

దానికి మూలం వైఫైకి దక్కిన చోటులోనే ఉంది. అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1985లో కొన్ని రేడియో పట్టీలను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. వాటిలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ ఒకటి. పరిశ్రమలకూ, వైద్య పరికరాలకూ, వంటింటి ఓవెన్లకూ వదిలేసిన చోటు అది. మంచి పట్టీలన్నీ టీవీ, ఫోన్, సైనిక అవసరాలకు ముందే పంచేశారు. 1997లో ఐఈఈఈ 802.11 ప్రమాణం వచ్చింది, వేగం 2 ఎంబీపీఎస్. 1999లో 802.11బీ దాన్ని 11కు పెంచింది. గోడలకు తగిలి వెనక్కొచ్చే ప్రతిధ్వనుల్లోంచి అసలు సంకేతాన్ని వేరుచేసే కిటుకును ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓలో జాన్ ఒసల్లివాన్ బృందం రూపొందించి, 1996లో అమెరికా పేటెంటు పొందింది. ఒసల్లివాన్ అంతకు ముందు కృష్ణబిలాల నుంచి రావచ్చనుకున్న రేడియో సంకేతాల కోసం వెతికిన ఖగోళ శాస్త్రజ్ఞుడు. అవి దొరకలేదు గానీ ఆ వెతుకులాటలో వాడిన గణితం ఇంట్లో వైఫైకి అక్కరకొచ్చింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి 2005 జనవరిలో లైసెన్సు అవసరం తీసేశారు. 5 గిగాహెర్ట్జ్‌లో విశాలమైన చోటును 2018లో తెరిచారు.

2.4 పట్టీలో మనకు 13 చానళ్లు కనిపిస్తాయి గానీ ఆ లెక్క మోసపుచ్చుతుంది. చానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో రూటర్ ఆక్రమించేది 20. అందుచేత ఒకదానిమీద ఒకటి పడకుండా పక్కపక్కన పట్టేవి మూడే: 1, 6, 11. కూకట్‌పల్లిలోనో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో ఓ అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో ఫోన్‌ పెట్టి వైఫై ఎనలైజర్ యాప్ తెరిస్తే ఇరవై ముప్ఫై నెట్‌వర్కులు ఆ మూడు గళ్లలోనే కిక్కిరిసి కనిపించడం మామూలే. వైఫై నడిచే తీరు రచ్చబండ మీద సంభాషణ లాంటిది: ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, సందు దొరికాక అందుకోవాలి. ఒకే చానల్‌లో ఉన్న పొరుగింటి రూటర్‌లు ఒకదాని మాట ఒకటి విని ఆగుతాయి, కాబట్టి వేగం తగ్గుతుందే గానీ లంకె అంత తేలిగ్గా తెగదు. ఎవరో తెలివిగా ఖాళీ అనుకుని 3కో 8కో మార్చినప్పుడు అసలు చిక్కు. సగం సగం ఒరుసుకునే చానళ్ల రూటర్‌లకు పక్కవాడి మాట అర్థం కాదు, గోలగా మాత్రమే వినిపిస్తుంది; ఆ గోలలో పొట్లాలు చెడిపోయి, పదే పదే మళ్లీ పంపాల్సివచ్చి, చివరికి లంకె విడిపోతుంది. యాప్‌లో 1, 6, 11లలో ఏది తక్కువ బలంగా కనిపిస్తే దాన్ని ఎంచుకుని, వెడల్పును 40 మెగాహెర్ట్జ్ నుంచి 20కి దించడం అపార్ట్‌మెంటు వాసులు చేయదగ్గ మొదటి మంచి పని. ఇరుగుపొరుగు కూడా అదే చేస్తే ఇంకా మంచిది, అయితే అపార్ట్‌మెంటు సంఘాల సమావేశాల్లో పార్కింగ్ గొడవ తేలాక గానీ ఈ విషయానికి వంతు రాదు.

వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. లోపల వందల వాట్ల శక్తి ఉంటుంది. ఇంటి రూటర్ రేడియో బలం సాధారణంగా వాటులో పదో వంతు. తలుపు సందుల్లోంచి కారే కొద్దిపాటి శక్తి మనిషికి హాని చేయని స్థాయిలోనే ఉన్నా, పక్కనున్న రూటర్‌ను ముంచేయడానికి సరిపోతుంది. పాత తరహా ఓవెన్లు మన 50 హెర్ట్జ్ కరెంటులో సగం చక్రంలోనే, అంటే 10 మిల్లీసెకన్లు వెలిగి 10 మిల్లీసెకన్లు ఆరుతూ, తరంగాలు పుట్టిస్తాయి. అందుకే నెట్ పూర్తిగా చావదు, తడబడుతూ నడుస్తుంది. వీడియో కాల్‌లో అవతలి మనిషి గొంతు ముక్కలుముక్కలుగా వినిపిస్తుంది. ఓవెన్ గోల ఎంత మోసం చేయగలదో చెప్పే ఉదాహరణ ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపు. 1998 నుంచి అక్కడ అప్పుడప్పుడూ వింత సంకేతాలు నమోదయ్యేవి, వాటికి పెరిటాన్లు అని పేరు కూడా పెట్టారు. పనివేళల్లోనే వస్తుండటంతో భూమ్మీది గోలే అని అనుమానం. 2015లో ఎమిలీ పెట్రాఫ్ బృందం అసలు సంగతి తేల్చింది: ఆవరణలోని మైక్రోవేవ్ ఆగకముందే ఎవరో ఆత్రంగా తలుపు తీసినప్పుడు బయటపడే తరంగాలు అవి. ఆ టెలిస్కోపు నడిపేది కూడా వైఫై పేటెంటు పొందిన సీఎస్‌ఐఆర్‌ఓనే.

ఓవెన్ ఒక్కటే కాదు. బ్లూటూత్ అదే పట్టీలో ఉంటుంది, కాకపోతే 2003 నాటి 1.2 వెర్షన్ నుంచి రద్దీగా ఉన్న చోట్లను తప్పించుకుని గెంతడం నేర్చుకుంది. ఎవరూ అనుమానించనిది యూఎస్‌బీ 3 పరికరాలు. వాటి కేబుళ్లు, పోర్టులు 2.4 పట్టీలో గోల వెదజల్లుతాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో చూపించింది. ల్యాప్‌టాప్‌కు హార్డ్‌డిస్క్ తగిలించినప్పుడల్లా వైఫై బలహీనపడితే ఆ డిస్క్‌ను పొడవాటి కేబుల్‌తో దూరం జరపాలి, లేదా ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాలి.

5 గిగాహెర్ట్జ్ పట్టీ విశాలం, పొరుగు గోల తక్కువ. దాని బలహీనత గోడలు. సంకేత బలాన్ని డీబీఎం అనే మైనస్ అంకెల్లో కొలుస్తారు. ఎనలైజర్ యాప్‌లో కనిపించే అంకె అదే. మైనస్ 50 అంటే ఎంతో బాగు. మైనస్ 67 దాకా వీడియో కాల్ నిలకడగా నడుస్తుంది. మైనస్ 75 దాటితే తెగుళ్లు మొదలవుతాయి, 80 దాటితే గుర్తు కనిపిస్తుంది తప్ప పని జరగదు. ఈ అంకెల్లో 3 తగ్గితే బలం సగం పోయినట్టు. అడ్డేమీ లేకపోయినా దూరం రెట్టింపైతే 6 తగ్గుతుంది. మన ఇళ్లలో గోడలు ఇటుక, సిమెంటువి; పైకప్పు ఇనుప చువ్వల స్లాబు. 5 గిగాహెర్ట్జ్ తరంగం రెండు ఇటుక గోడలు దాటేసరికి నీరసించిపోతుంది, స్లాబు దాటి మేడ మీది గదికి చేరడం మరీ కష్టం. అమెరికాలో ఉండే తెలుగువాళ్లు డాలస్‌లోని చెక్క చట్రం, పలకల గోడల ఇంట్లో ఇల్లంతా అందిన రూటర్‌నే తెచ్చి ఇక్కడ సొంతూరి డాబాలో పెడితే అది పడకగది దాకా రాకపోవడంలో వింత లేదు. రూటర్ అట్టపెట్టె మీద రాసే ‘ఇన్ని వేల చదరపు అడుగులు’ అన్న మాటను మన గోడలు లెక్కచేయవు.

ఏం అడ్డుందో కూడా చూడాలి. ఇనుప బీరువా, నిలువుటద్దం వెనుక పూత, ఫ్రిజ్, చేపల తొట్టి, వాటర్ ప్యూరిఫయర్: లోహం తరంగాన్ని తిప్పికొడుతుంది, నీళ్లు పీల్చుకుంటాయి. ఫైబర్ తెచ్చే మనిషి తీగ ఎక్కడ లోపలికొస్తే అక్కడే, చాలాసార్లు టీవీ వెనుకో గుమ్మం పైన మూలకో, డబ్బా బిగించేసి వెళ్తాడు. దాన్ని ఇంటి నడుమ, మనిషి ఎత్తులో, బయటికి కనిపించేలా పెట్టించడానికి పది మీటర్ల కేబుల్ ఎక్కువ పడుతుంది, అంతే. దానికి మించిన వైఫై ‘బూస్టర్’ బజారులో దొరకడం కష్టం. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. గోడల నుంచి వెనక్కొచ్చిన తరంగాలు అసలు తరంగాన్ని కొట్టేసే గుంటలు గదిలో అక్కడక్కడా ఏర్పడతాయి, వాటి మధ్య దూరం అందులో సగం. అందుకే కొన్నిసార్లు రూటర్‌నో ల్యాప్‌టాప్‌నో బెత్తెడు జరిపితే సిగ్నల్ మారిపోతుంది.

5 గిగాహెర్ట్జ్‌లో ఇంకో విచిత్రమైన తెగులు ఉంది. ఆ పట్టీలో కొన్ని చానళ్లు వాతావరణ, సైనిక రాడార్లతో పంచుకున్నవి. రూటర్ ఆ చానల్‌లోకి దిగేముందు కనీసం 60 సెకన్లు మౌనంగా వినాలి, రాడార్ అలికిడి వినిపిస్తే 10 సెకన్లలో ఖాళీ చేయాలి, అరగంట దాకా తిరిగి రాకూడదు. డీఎఫ్‌ఎస్ అనే ఈ నియమం రాడార్లకు అడ్డు రాకుండా పెట్టింది. 2009లో ప్యూర్టోరికోలోని శాన్ వాన్ విమానాశ్రయ వాతావరణ రాడార్‌కు ఇలాంటి వైర్‌లెస్ పరికరాల వల్లే అంతరాయం వచ్చింది. ఇంట్లో వాళ్లకు కనిపించేది మాత్రం ఏ హెచ్చరికా లేకుండా 5 గిగాహెర్ట్జ్ పేరు మాయమై, నిమిషం తర్వాత తిరిగి రావడం. విమానాశ్రయాలకో రాడార్ కేంద్రాలకో దగ్గర్లో ఉండేవాళ్లు చానల్‌ను ‘ఆటో’లో వదలకుండా 36, 40, 44, 48లలో ఒకదానికి కట్టేస్తే ఈ బాధ ఉండదు. వైఫై 7 పరికరాలు రెండు పట్టీల మీద ఒకేసారి నడవగలవు కాబట్టి ఒకటి తెగినా రెండోది ఆదుకుంటుంది. 6 గిగాహెర్ట్జ్ పట్టీ కింది భాగాన్ని ఇళ్లకు వదిలే ముసాయిదా నిబంధనలను కేంద్ర టెలికాం శాఖ 2025 మేలో విడుదల చేసింది.

పెద్ద ఇళ్లలో తెగడానికి ఫోనే కారణం కావచ్చు. మేడ మీద ఒకటి, కింద ఒకటి రూటర్ ఉన్నప్పుడు ఏ రూటర్‌తో ఉండాలో నిర్ణయించేది చాలావరకు ఫోనే. కింద పట్టుకున్న రూటర్‌ను మేడ ఎక్కినా వదలకుండా, అంకె మైనస్ 80కి దిగేదాకా వేళ్లాడే ఫోన్లు ఎన్నో. చవక రిపీటర్‌లు ఒకే రేడియోతో వినడం, చెప్పడం రెండూ చేస్తాయి కాబట్టి వేగం సగమవుతుంది. వాటిని సిగ్నల్ లేని గదిలో పెడితే మరీ దండగ, రూటర్‌కూ ఆ గదికీ నడుమ పెట్టాలి. మెష్ వ్యవస్థలు ఫోనుకు దారి చూపే 802.11కే, వీ, ఆర్ ప్రమాణాలు వాడతాయి. ఈ తరహా ఇబ్బందికి అన్నిటికంటే నమ్మకమైన మందు మాత్రం గోడ గుండా లాగిన లాన్ కేబుల్, దాని చివర రెండో రూటర్. చూడ్డానికి బాగుండదని ఇల్లాళ్లూ, అద్దె ఇంట్లో గోడకు కన్నమా అని ఓనర్లూ అడ్డుపడతారు; అయినా మళ్లీ మళ్లీ తేలే సమాధానం అదే.

ఇక రూటర్ ఆరోగ్యం. మన దేశంలో దానికి మొదటి శత్రువు అడాప్టర్. రూటర్ కింద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని రాసి ఉంటే అంతకు తక్కువ ఆంపియర్ల అడాప్టర్ పెట్టకూడదు. పాతబడిన అడాప్టర్‌లో కెపాసిటర్ ఉబ్బిపోయి, ఖాళీగా ఉన్నప్పుడు సరిగ్గా 12 వోల్టులు చూపించి, బరువు పడగానే జారిపోతుంది. నలుగురూ ఒకేసారి వీడియోలు తెరిచినప్పుడే రూటర్ లైట్లన్నీ ఆరి మళ్లీ వెలిగితే చాలామంది రూటర్ మార్చేస్తారు. మార్చాల్సింది ఆ చిన్న నల్ల డబ్బా. పిన్ను దగ్గర లూజ్ కాంటాక్ట్ కూడా అదే నాటకం ఆడుతుంది, వేలితో కదిపితే తెలిసిపోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణపు సందులో కొన్ని రూటర్‌లు పడిపోతాయి, లేచి మళ్లీ నెట్ సంస్థకు లాగిన్ అయ్యేసరికి రెండు మూడు నిమిషాలు పోతాయి. రూటర్‌కనే అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెడితే ఆ గొడవ తీరుతుంది. ఫైబర్ డబ్బా, రూటర్ వేర్వేరైతే రెండింటికీ పెట్టాలి.

వేడి రెండో శత్రువు. చాలా ఇంటి రూటర్‌ల కొలతల పత్రంలో పనిచేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలు అని ఉంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గది ఉష్ణోగ్రతే దాని దరిదాపుల్లో ఉంటుంది. దాని మీద టీవీ సెట్‌టాప్ బాక్స్ పెట్టి, పైన లేసు గుడ్డ కప్పితే రూటర్ ఏమైనా చేయగలదా? గాలి ఆడేలా గోడకు తగిలించి, ఆర్నెల్లకోసారి దుమ్ము దులిపితే సగం వేసవి తెగుళ్లు పోతాయి.

పరికరం లోపలి లోపాల గురించి కొద్ది మాటలు చాలు. ల్యాప్‌టాప్ నిద్రలోంచి లేచాకే నెట్ రాకపోతే, డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు పవర్ మేనేజ్‌మెంట్ కింద కరెంటు ఆదా కోసం కార్డును ఆపేయనిచ్చే గడిని తీసేయాలి, డ్రైవర్‌ను తయారీదారు సైట్ నుంచి కొత్తది పెట్టాలి. ఫోన్లలో బలహీన వైఫైని వదిలి మొబైల్ డేటాకు దూకే సదుపాయం ఉంటుంది; దాన్ని చూసి వైఫై తెగిందనుకుంటారు. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచి ఫోన్లు ఒక్కో నెట్‌వర్కుకు ఒక్కో మారు మ్యాక్ చిరునామా (పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) చూపిస్తున్నాయి. రూటర్‌లో మ్యాక్ ఫిల్టర్ పెట్టుకున్న ఇళ్లలో దీనివల్ల సొంత ఫోనే పరాయిదైపోయింది. 2021 జూన్‌లో బయటపడ్డ ఐఫోన్ లోపం మరీ విడ్డూరం: శాతం గుర్తులతో కూడిన ఒక ప్రత్యేక పేరున్న నెట్‌వర్కుకు కలిస్తే ఫోన్‌లో వైఫైయే పనిచేయడం మానేసేది. 14.7 అప్‌డేట్‌తో దాన్ని సరిచేశారు.

గోడ దాటాక కథ వేరు. ఫైబర్ డబ్బా మీద పాన్ అని రాసిన పచ్చ లైటు నిలకడగా వెలగాలి. లాస్ అని రాసిన చోట ఎర్ర లైటు మిణుకుమంటే కాంతి అందడం లేదని అర్థం. రూటర్‌ను వందసార్లు ఆపి పెట్టినా ప్రయోజనం ఉండదు. తలుపు సందులో నలిగిన తీగ, మేకుకు బిగుతుగా చుట్టిన తీగ, ఎలుక కొరికిన తీగ ఇంట్లో కనిపించే కారణాలు. ఫైబర్‌ను బిగుతుగా మడిస్తే ఆ మలుపు దగ్గర కాంతి బయటికి జారిపోతుంది, తీగ తెగకపోయినా సరే. వీధిలోకి వెళ్తే కారణాలు ఇంకా రంగురంగులవి. వారణాసిలో గంగ ఒడ్డున లాగిన ఫైబర్ కేబుళ్లను కోతులు కొరికేస్తున్నాయని 2015లో రాయిటర్స్ రాసింది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ రోడ్లు తవ్వకుండా విద్యుత్ స్తంభాల మీదుగానే పల్లెలకు ఫైబర్ చేర్చింది. ఖర్చు తగ్గింది, అదే సమయంలో గాలివానకూ కొమ్మలకూ తీగ దొరికిపోయింది. హైదరాబాద్‌లో 2025 ఆగస్టులో రామంతాపూర్ ఊరేగింపులో కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, విద్యుత్ సిబ్బంది స్తంభాలకు వేళ్లాడే కేబుళ్లను కత్తిరించడం మొదలుపెట్టారు; ఎన్నో కాలనీల్లో నెట్ ఆగింది, వ్యవహారం హైకోర్టుకు చేరింది. ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని చానళ్లు మార్చినవాళ్లకు ఏం దొరుకుతుంది?

కావాలని తెగ్గొట్టడమూ ఉంది. వైఫైలో ‘ఇక విడిపో’ అని పరికరానికి చెప్పే సందేశాలకు పాత ప్రమాణాల్లో రక్షణ లేదు, ఎవరైనా దొంగగా పంపవచ్చు. అమెరికాలో నాష్‌విల్‌లోని మారియట్ వారి గేలార్డ్ ఓప్రిలాండ్ హోటల్ అతిథుల సొంత హాట్‌స్పాట్లను ఇలాగే తెగ్గొట్టినందుకు 2014లో ఎఫ్‌సీసీతో 6 లక్షల డాలర్లకు రాజీపడింది. 2018లో వచ్చిన వైఫై భద్రతా ప్రమాణం డబ్ల్యూపీఏ3 ఆ సందేశాలకు కాపలా తప్పనిసరి చేసింది. రూటర్‌లో ఆ ఎంపిక ఉంటే పెట్టుకోవడం మంచిది, పాత పరికరాలు కలవకపోతే డబ్ల్యూపీఏ2తో కలిపి. అంతకంటే మామూలుగా జరిగేది రూటర్ మీద దాడి. 2016 నవంబరులో జర్మనీలో డాయిచ్ టెలికామ్ వినియోగదారులు సుమారు 9 లక్షల మందికి నెట్ పోయింది. మన దగ్గర 2017 జులైలో మాల్‌వేర్ దెబ్బకు వేలాది బీఎస్‌ఎన్‌ఎల్ మోడెమ్‌లు మూలనపడ్డాయి. వాటిలో పాస్‌వర్డు ఫ్యాక్టరీలో పెట్టిన ‘అడ్మిన్’ దగ్గరే ఉండిపోయింది.

సరిచేసేటప్పుడు పాటించాల్సిన క్రమశిక్షణ ఒకటే: ఒకసారికి ఒక్క మార్పు. చానల్, రూటర్ చోటు, పాస్‌వర్డు, డీఎన్‌ఎస్ అన్నీ ఒకే సాయంత్రం మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, మళ్లీ తెగినప్పుడు మొదటికే వస్తుంది. లాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ను నేరుగా రూటర్‌కు కలిపి ఒక పూట చూడటం వల్ల గాలి తప్పో లైన్ తప్పో చప్పున తేలుతుంది. వెనుక సూదితో నొక్కే రీసెట్ బొత్తాం జోలికి చివరిదాకా పోకూడదు; చాలామంది స్థానిక ఆపరేటర్లు పీపీపీఓఈ అనే పద్ధతిలో యూజర్ ఐడీ, పాస్‌వర్డు రూటర్‌లోనే పెడతారు, రీసెట్‌తో అవి తుడిచిపెట్టుకుపోతాయి. అప్పుడు తెగే నెట్ స్థానంలో అసలు నెట్టే ఉండదు.

బయటి లోపమని తేలితే ఫిర్యాదు ఎలా చెప్పామన్నదే పని చేయిస్తుంది. ‘నెట్ రావట్లేదండీ’ అంటే కస్టమర్ కేర్ నుంచి వచ్చే జవాబు ‘ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్’. అదే ‘రూటర్‌కు పింగ్ బాగానే ఉంది, 8.8.8.8కి రాత్రి 9:10 నుంచి 9:25 దాకా జవాబు లేదు, లాస్ లైటు వెలగలేదు, లాన్ కేబుల్‌తోనూ అంతే’ అంటే ఫోన్ రెండో మెట్టు మనిషికి వెళ్తుంది. ఫిర్యాదుకు ఇచ్చే డాకెట్ నంబరు తప్పక తీసుకోవాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం మొదట ఫిర్యాదు కేంద్రం, అక్కడ తీరకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారి, ఆ నంబరుంటేనే ఆ మెట్టు ఎక్కగలం. లైన్ చూడటానికి వచ్చిన మనిషి చేతిలో పెన్ను పెట్టె అంత ఆప్టికల్ పవర్ మీటర్ ఉంటుంది. తీగ కొసను అందులో గుచ్చితే మైనస్‌లో ఒక అంకె వస్తుంది. మైనస్ 20 చుట్టూ ఉంటే లైన్ బాగున్నట్టే. ఇళ్లలో వాడే మామూలు ఫైబర్ డబ్బాలు మైనస్ 27 దాకా తట్టుకునేలా తయారవుతాయి; ఆ గీత దగ్గర ఉన్న లైన్ పొద్దున బాగుండి, సాయంత్రం ఏ జాయింటో కాస్త కదలగానే తెగుతుంది. అంకె మైనస్ 26 వచ్చినప్పుడు ‘వస్తోంది కదా సార్’ అని ఆయన వెళ్లిపోబోతే, స్తంభం మీది జాయింటు తీసి మళ్లీ అతికించమని అడగాల్సింది అప్పుడే.